కొంగు చాటు ఇన్‌హేలర్

శనివారం, రాత్రి

మా లహరి ఇవాళ కోలాటం ఆఖరి పాట దాకా ఆడింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది.

దాన్ని ఆటలో పెట్టుకోవద్దని కోలాటం నేర్పే మేడంగారికి మొదట చెప్పింది నేనే. కోలాటంలో ఒకరు ఆగితే ఎదుటివాళ్ల కర్ర గాలికి పోతుంది, వరసంతా చెడుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ మాట పడకూడదనుకున్నాను.

ద్రాక్షారామం గుడి ముందు, మూడో పాటలో ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ పట్టుకుని పరుగెత్తాను. మా కొట్టుకి వచ్చేవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. ఆడపిల్లకి ఉబ్బసమని ఊళ్లో తెలిస్తే రేపు ఎలాగో అని నా భయం. ఎప్పటిలాగే దాని మొహానికి కొంగు అడ్డం పెట్టాను.

"కొంగు తియ్యమ్మా, గాలి రావట్లేదు" అంది.

తీసేశాను. అది అందరి ముందూ మందు పీల్చుకుని కూర్చుంది. దాని జత దుర్గ అంతసేపూ తన కర్రలు తనే కొట్టుకుంటూ, పక్కవాళ్లని జరగనివ్వకుండా నిలబడింది. ఊపిరి కుదుటపడగానే లహరి వెళ్లి తన చోట్లో దూరింది. ఇద్దరూ ఒకటే నవ్వు.

మా కొట్లో పప్పులు కొనే సుబ్బలక్ష్మిగారు పక్కకి వచ్చారు.

"అమ్మాయికి ఉబ్బసమా అండి?"

"అవునండి" అన్నాను. ఆ మాట బయటివాళ్లతో అనడం ఇదే మొదలు. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

"మా మనవరాలికీ ఉందండి. ఎవరికీ చెప్పలేదు" అన్నారావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.