మాటల పక్కన వేసిన బొమ్మ

దీపా టీచరక్కకు, సాయంత్రం బడిలో చివర కూర్చునే నేను నమస్కరించి రాస్తున్నాను.

నన్ను కొడుతుంటే అడ్డం వచ్చిందని మా ఆయన రోకలితో వాళ్ళమ్మ తల పగలగొట్టాడు. అత్తమ్మ ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. రేపు పోలీసులకు నేను చెప్పాల్సింది ఆయనే రాసిచ్చాడు: ‘అత్త మెట్ల మీద జారి పడింది.’ అప్పజెప్పమంటే తడబడ్డాను.

“ఏందే, ఇంత మాట నిలవదా నీ తలకాయలో?” అని జుట్టు పట్టి గోడకు కొట్టాడు.

గుర్తుండాలని, మీరు నేర్పినట్టే మాటల పక్కన బొమ్మ వేశాను. మెట్లు బాగానే వచ్చాయి. మనుషులను వేసేసరికి అత్తమ్మ నెత్తురూ, ఆయన చేతిలో రోకలీ వచ్చాయి. ఇప్పుడు కళ్ళు మూస్తే ఆ బొమ్మే కనిపిస్తోంది, ఆయన మాటలు రావడం లేదు.

బొమ్మను ఇందులో పెట్టాను. రేపు పొద్దున స్టేషనుకు రండి అక్కా. ఆయన పక్కనుంటే నాకు నోరు పెగలదు. మీరు బొమ్మ చూపించి, ఇదేమిటని అడగండి. చెప్పేస్తాను.