డబ్బా మింగిన మాటలు

బావా,

నీ రాజీనామా అందింది. మీటింగులో మాటా మాటా అనుకున్నాక రేడియో క్లబ్బంతా కలిసి నిన్ను వెలేసిందనీ, మూడు వారాలుగా నీ రేడియో సెట్టులో ఎంత పిలిచినా ఒక్కరూ పలకలేదనీ రాశావు. నీ గొంతు వినపడక, నువ్వే అలిగావని మేమనుకున్నాం.

నిన్న నువ్వు లేనప్పుడు వచ్చి సెట్టు చూశాను. యాంటెన్నా కేబుల్ బల్ల వెనక వేలాడుతోంది. దాని చోట, రిపేరప్పుడు సిగ్నల్ బయటికి పోకుండా పెట్టే పరీక్ష డబ్బా తగిలించి ఉంది. నీ మాటలన్నీ అదే మింగింది. ఒక్కసారి వెనక్కి తొంగిచూస్తే నీ సొమ్మేం పోయేది?

దాన్ని తీయడం మరిచింది సెట్టు బాగుచేసిన నేనే. అది వేరే సంగతి.

రోజూ ముందు నన్నే పిలిచేవాడివని అక్క చెప్పింది.

కేబుల్ పెట్టాను, రాజీనామా చింపాను. సాయంత్రం ఏడింటికి సెట్టు ముందు కూర్చో. ఈసారి ముందు నేను పిలుస్తాను. మూతి ముడుచుకోకుండా పలుకు.

నీ బావమరిది