చింతపండుతో తోమిన ముక్క

గోవిందరాజులు గారికి నమస్కారాలు.

మీ కంపెనీ రక్షణ, అంతరిక్ష విభాగంలో తయారైన రాకెట్ తొడుగు ముక్క కోసం నిన్న మీరు మా ఇంటికి వచ్చారు. దాని మీది మసిని పరీక్షిస్తే రాకెట్ ఎందుకు కూలిందో తెలుస్తుందన్నారు. తీరా చూస్తే ముక్క తళతళలాడుతోంది. మీరు వెనక్కి తిరిగి జీపెక్కారు.

తోమింది మా అత్త అప్పలకొండమ్మ. పోయిన నెల పడవ బోల్తాపడితే మా ఆయన నూకయ్య సముద్రంలో తేలుతున్న ఆ ముక్క మీద బోర్లా పడుకుని ఒడ్డు చేరాడు. మీరొస్తున్నారని తెలిసి అత్త దాన్ని చింతపండుతో తోమి, పసుపు రాసింది. "మనోడ్ని ఇంటికి తెచ్చిందే, మసి మొకంతో ఎలాగ పంపేత్తాం? సాబ్ ఏమనుకుంటాడు?" అంది. మీకు కావలసింది ఆ మసేనని మాకు తెలియదు.

నిన్నటి నుంచి ఆమె అన్నం ముట్టలేదు. మీరు హాడో రేవులో ఓడెక్కేలోగా అందాలని దీంతోపాటు మా ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కా పంపుతున్నాను. ఛాతీ నిండా ఆ మసే. కొడుకు బతికొచ్చిన బట్టని అత్త ఇన్నాళ్ళూ నన్ను తడపనివ్వలేదు. ఇప్పుడు తనే మడిచి ఇచ్చింది.

పరీక్ష అయ్యాక తిరిగి పంపండి. ఉతకొద్దు.

మిన్నీ బే నుంచి,
నూకయ్య భార్య