మూడు వందల పన్నెండు పేజీల యూనివర్సిటీ

ఫహాహీల్, కువైట్
25 ఆగస్టు 1990

మునీంద్ర బావకు చంద్రిక రాసేది. నేను బతికే ఉన్నాను, ఒంట్లో బాగానే ఉంది. ముందు ఈ మాట అందరికీ చెప్పి, ఆ తర్వాత మిగతాది చదువు.

ఈ ఉత్తరం రామాంజులు మామ తెస్తున్నాడు. బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దేశంలో అమ్మాన్ అనే ఊరికి పోయి, అక్కడ మన సర్కారు విమానం ఎక్కుతాడు. నువ్వు జవాబు రాస్తే బొంబాయికి పోయేవాళ్ళ చేత విమానం వాళ్ళకు ఇప్పించు. ఇటు తిరిగొచ్చే బస్సు డ్రైవర్లు తెచ్చిస్తారు.

నువ్వూ వచ్చేయొచ్చు కదా అంటావు. ఇప్పుడే రాలేను. కలెక్టర్లను తయారుచేసే యూనివర్సిటీ ఒకటి నా చేతిలో ఉంది.

నేను పనిచేసే ఇంటి విట్‌కోంబ్ దొర జూలైలో కంటి ఆపరేషన్‌కు లండన్ పోయాడు. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఆయన తిరిగి వచ్చే దారి లేదు. ఆరేళ్ళుగా ఆ ముసలాయన రెండు వేళ్ళతో టైపు కొట్టి ఆ యూనివర్సిటీ గురించి పుస్తకం రాశాడు. మూడు వందల పన్నెండు పేజీలు. ఇంకో కాపీ లేదు. సోమవారం సైనికులు దొర కోసం వచ్చారు. దొర లేకపోయేసరికి టైపు మిషన్ పట్టుకుపోయారు. కాగితాలు నేను బియ్యం డబ్బాలో దాచాను.

ఇంగ్లిష్ కాగితాల కట్ట కనబడితే దారిలో లాక్కుంటున్నారట. అందుకే కొన్ని కొన్ని పేజీలుగా, ఊరికి పోయే ప్రతివాళ్ళ చేతా పంపిస్తాను. మొదటి ఇరవై మామ సంచిలో రొట్టెల కింద ఉన్నాయి. నువ్వు ఊరూరా తిరిగి పోగుచేయి. ఇంగ్లిష్ రాకపోయినా అంకెలు వచ్చు కదా, వరుసగా పేర్చు. ఆఖరి పేజీ దాటించాక నేనూ వస్తాను.

నీ,
చంద్రిక

తా.క. సైనికులు ఫ్రిజ్ కూడా తీసుకుపోయారు. గంటకు తిరిగొచ్చి, చల్లబడటం లేదు ఎందుకని నన్ను అడిగారు. ప్లగ్గు తీయడం చేతగాక తీగ కోసుకుపోయారు కాబట్టి అని చెప్పాను.


రాజంపేట
9 సెప్టెంబర్ 1990

చంద్రికకు మునీంద్ర ఆశీస్సులు. నీ ఉత్తరం చూశాక రెండు ముద్దలు లోపలికి దిగాయి.

ఒక పొరపాటు జరిగింది. సంతోషంలో నీ ఉత్తరాన్ని సైకిల్ షాపులో పైకి చదివాను. కలెక్టర్లను తయారుచేసే యూనివర్సిటీ నీ చేతిలో ఉందన్న ముక్క మధ్యాహ్నానికి పాత బస్టాండు దాటింది. రామాంజులు మామ పంతొమ్మిది పేజీలు ఇచ్చి ఏడో పేజీ ఆపుకున్నాడు.

"మోసకొచ్చినోనికి ఒక్క కాయితమన్నా మిగలకూడదా? మా అల్లుడు ఇంటరు తప్పి ఇంట్లోనే కూచోనుండాడు" అన్నాడు. ఆ పేజీకి అద్దం కట్టించి గోడకు తగిలించాడు కూడా.

మామ వెనకే కువైట్ నుంచి వచ్చిన అల్లాబకష్ ఇరవై పేజీలు తెచ్చాడు. అందులో నలభయ్యో పేజీ దొరగారి సిఫారసు అనుకుని, ఇంటి స్థలం అర్జీకి జతచేసి ఒక ఆఫీసులో ఇచ్చాడు. గుమాస్తా చదవకుండానే ముద్ర వేసి ఫైల్లో పెట్టేశాడు.

ఇప్పుడు నీ సంగతి. నీకు అందులో సీటు ఇచ్చారా? ఇచ్చి ఉంటే మొగుడి దగ్గర దాచడమెందుకు? నువ్వు ఏడో తరగతి వరకు చదివావని వాళ్ళకు చెప్పావా, చెప్పలేదా? కలెక్టరువై వస్తే షాపు బోర్డు మార్పించాలి కాబట్టి అడుగుతున్నాను.

నీ రాక కోసం చూసే,
మునీంద్ర

తా.క. నిన్న బస్సులో కండక్టర్ నన్ను "కలెక్టరమ్మ మొగుడా, కొంచెం ముందుకు జరుగు" అన్నాడు. జరిగాను.


ఫహాహీల్
20 సెప్టెంబర్ 1990

బావకు చంద్రిక నమస్కారం. నీ మీద కోపం అలాగే ఉంది, అయినా రాస్తున్నాను.

నాకు ఎవరూ సీటు ఇవ్వలేదు. ఆ యూనివర్సిటీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఏలడానికి దేశాలు అయిపోయాయి, ఇంక పిల్లకాయలను చేర్చుకుని ఏం చేస్తారు? అది ఎట్లా నడిచింది, ఏం నేర్పింది అన్న కథే ఈ పుస్తకం. ఇది షాపులో గట్టిగా చదువు. ఏడో పేజీ, నలభయ్యో పేజీ తెచ్చేదాకా మళ్ళీ నాకు సాకులు రాయకు.

ఇక్కడ మన ఆడవాళ్ళం పదిహేడు మందిమి దొర ఇంట్లోనే ఉంటున్నాం. యజమానులు దేశం దాటిపోయిన వాళ్ళంతా ఇక్కడికి చేరారు. రొట్టెల దుకాణం దగ్గర వరుసలో ఎవరు ఎప్పుడు నిలబడాలో నేనే చెబుతాను. ఒకరోజు నలుగురు ఏడ్చారు. ఏడవడానికి కూడా వంతులు పెట్టాను, అందరూ ఒకేసారి ఏడిస్తే వంట సాగదు.

మొన్న ఒక ఆఫీసర్ వచ్చి వంటింట్లో ఇంగ్లిష్ కాగితం చూశాడు. నూట ఎనభై ఒకటో పేజీ. పొట్లాలు కట్టుకునే కాగితమని చెప్పాను. అయితే ఆ సమోసాలు కట్టివ్వు అన్నాడు. అదే పేజీలో రెండు కట్టిచ్చాను. అక్కడే నిలబడి తిన్నాడు. ఊళ్ళో కాగితం దొరకడం లేదని చెప్పి తిరిగి అడిగి తీసుకున్నాను. నూనె మరకలు ఉన్నాయి గానీ అక్షరాలు కనబడుతున్నాయి.

ఈ పదిహేడు మంది కాక మరికొందరు ఊరికి పోతున్నారు. నరసాపురం నర్సు సారమ్మ ముప్పై పేజీలు తెస్తోంది. "నా బైబిల్లో పెట్టుకుంటానండి, మా ఇంట్లోవాళ్ళే దాన్ని తీసి చూడరు, సైనికులేం చూస్తారు" అంది. రాయచోటి జుబేదా బీ యాభై పేజీలు బొంతలో పెట్టి కుట్టుకుంది. మిగతా వాళ్ళ పేర్లు, ఊర్లు వెనకవైపు రాశాను.

కోపంగా,
చంద్రిక

తా.క. జుబేదా బీ ఇంటికి పోయిన వెంటనే బొంత అడగకు. ముందు వాళ్ళు ఇచ్చే టీ తాగు. రెండోసారి పోసినా తాగు.


రాజంపేట
1 అక్టోబర్ 1990

చంద్రికకు నీ ఆజ్ఞ ప్రకారం తిరుగుతున్న మునీంద్ర రాసేది.

రాయచోటిలో మూడు టీలు తాగాను. బొంత దొరికింది. నరసాపురం పోయొచ్చాను. సారమ్మ వాళ్ళు చేపల పులుసు పెట్టి, ప్రార్థన చేయించి, పేజీలిచ్చారు. ఏడో పేజీ కోసం రామాంజులు మామ అల్లుణ్ణి మన షాపులో పనికి పెట్టుకున్నాను. పంక్చర్ బాగా వేస్తున్నాడు. కలెక్టర్ ఉద్యోగం ఇప్పుడు అడగడం లేదు.

నలభయ్యో పేజీ మాత్రం రాలేదు. ఫైల్లో పడిన కాగితం బయటికి రాదట, కావాలంటే నకలు తీసుకోమన్నారు. నాలుగుసార్లు తిరిగి తీసుకున్నాను. నకలు ఫారంలో యూనివర్సిటీ పేరు కింద ఊరు, మండలం అని రెండు గడులున్నాయి. ఖాళీగా ఉండకూడదని గుమాస్తా రెండింట్లోనూ రాజంపేట అని టైపు కొట్టించి ముద్ర వేయించాడు. అంటే సర్కారు కాగితం ప్రకారం ఆ యూనివర్సిటీ ఇప్పుడు మన ఊళ్ళోనే ఉంది.

ఇది బయటికి పొక్కి, చేరతామని నలభై ముగ్గురు షాపుకు వచ్చారు. మూతపడిందని చెబితే, చేర్చుకోవడం ఇష్టం లేక అబద్ధమాడుతున్నావని ఒకాయన పోట్లాడాడు.

నా దగ్గర రెండు వందల ఎనభై ఆరు పేజీలున్నాయి. నీ దగ్గర ఇరవై ఆరు ఉండాలి. చంద్రికా, అవి పోతే పోనీ. విమానాలు ఇంక కొద్దిరోజులే అని రేడియోలో చెప్పారు. దొరకు నేను సంజాయిషీ రాసుకుంటాను. నువ్వు వచ్చేయి.

నీ,
మునీంద్ర

తా.క. చేరడానికి వచ్చిన వాళ్ళలో మీ నాన్న కూడా ఉన్నాడు.


అమ్మాన్ క్యాంపు, జోర్డాన్
9 అక్టోబర్ 1990

మునీంద్ర బావకు చంద్రిక రాసేది. పదిహేడు మందిమీ దాటాం. ఇరవై ఆరు పేజీలూ దాటాయి.

సరిహద్దు దగ్గర ఒక కుర్ర సైనికుడు నా సంచి తిరగేసి కాగితాలు పట్టుకున్నాడు. ఏమిటివి అని అడిగాడు. అబద్ధం నోటికి రాలేదు. యూనివర్సిటీ అన్నాను. వాడు కాసేపు పేజీలు చూశాడు. బస్రాలో యూనివర్సిటీలో చదువుతుంటే తీసుకొచ్చి తుపాకీ ఇచ్చారని చెప్పాడు. తన బూటు తాడు విప్పి కట్ట కట్టి నా చేతికిచ్చాడు. బస్సెక్కి నేను చాలాసేపు ఏడ్చాను, నా వంతు కాకపోయినా.

ఇక్కడ గుడారంలో చేసే పని లేదు. ఏలూరు నర్సు కేథరిన్ ఆ ఇరవై ఆరు పేజీలు చదివి చెప్పింది. మన దేశానికి వచ్చే దొరలకు మన భాషలు నేర్పడం గురించి అది. తెలుగు వాక్యాలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి. గుర్రం తీసుకురా. పక్కకు జరుగు. నోరు మూసుకో. రేపు రా. అన్నీ ఆజ్ఞలే. మాకు ఒక్క ప్రశ్న కూడా నేర్పలేదని దొర అక్కడ రాశాడట. మాకు అన్నాడేమిటి అని అనుకుంటుండగానే కేథరిన్ పేజీ తిప్పింది. 1938లో తెలుగు తరగతిలో ఉన్నవాళ్ళ పేర్లున్నాయి. ఆఖరి పేరు విట్‌కోంబ్.

బావా, ఆరేళ్ళు. ఆరేళ్ళు ఆయన ముందే నిలబడి జుబేదా బీతో ఫోన్లో నోటికొచ్చినట్టు మాట్లాడాను. ముసలి గాడిద అన్నాను. ఈయనకు ఉప్పు తగ్గిస్తే గానీ నోరు తగ్గదు అన్నాను. ఆయన రెప్ప కూడా కదపకుండా చారు తాగేవాడు.

నిన్న క్యాంపు వాళ్ళు లండన్‌కు ఫోన్ కలిపించారు. దొరా, నేను చంద్రికను అన్నాను. ఆయన తెలుగులో అన్నాడు.

"చంద్రికా. నువ్వు క్షేమమని చెప్పు."

కసురుతున్నాడేమో అనుకున్నాను. అదే మాట మళ్ళీ మెల్లగా అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయనకు మన భాషలో అడగడం రాదు. క్షేమమే దొరా అన్నాను. పుస్తకం మా ఆయన దగ్గర భద్రంగా ఉందన్నాను. "పుస్తకం వదులు. నువ్వు ఇంటికి పో" అన్నాడు. ఇంటికి పోతాను గానీ పుస్తకం వదలను అన్నాను. ఆ తర్వాత, ఎట్లున్నావు అని అడగాలి దొరా, అని చెప్పాను. రెండుసార్లు తప్పు పలికాడు. మూడోసారి సరిగ్గా అడిగాడు.

గురువారం విమానం.

నీ,
చంద్రిక

తా.క. ఫోన్ పెట్టేముందు ఆయన ఇంకో తెలుగు మాట అన్నాడు. ఇది ఏ యూనివర్సిటీలోనూ నేర్పింది కాదు, నా దగ్గర నేర్చుకున్నదే. "ముసలి గాడిద నమస్కారం" అన్నాడు.