పురుగుల్లేని చేప

అమ్మా,

చిక్కడపల్లి లైబ్రరీలో పరీక్షకు చదువుతుంటే ఇవాళ చేపల కడుపులో పురుగుల గురించి ఒక పేజీ కనబడింది. గనుల నీళ్లు కలిసిన ఏట్లో ముందు నత్తలు చస్తాయట. నత్తల్లో పెరిగే పురుగులు ఇక చేపల్లోకి చేరవట. చేపల్లో ఉండే పురుగులు మాయమైతే నీళ్లు పాడయ్యాయేమోనని అనుమానించాలట.

మన ఏటికి ఎగువన బొగ్గు గని వచ్చిన తర్వాత, నువ్వు కత్తిపీట ముందు కూర్చుని మురిసిపోయేదానివి. "సూడు బిడ్డా, ఒక్క పురుగన్న లేదు. చేపలు సాఫయినయ్!"

అశోక్ నగర్ హాస్టల్‌కు తిరిగొస్తుంటే బాపు ఫోన్ చేశాడు.

"రేపు అమ్మ సంవత్సరికం. చేపలు పట్టిన. ఒక్క పురుగు లేదు బిడ్డా, అమ్మకు గిట్లుంటెనే ఇష్టం. ఒస్తున్నవ్ గదా?"

తినొద్దని చెబుదామని నోటిదాకా వచ్చింది. వల తప్ప వేరే పని తెలియని మనిషి. ఆ ఏరు తప్ప వేరే ఏరు లేని ఊరు. వద్దని, మరేం తినమనను?

"వస్తున్న బాపూ," అన్నాను.

నీ విస్తరిలో పెట్టింది నువ్వు ముట్టవు. అదే కూర నా పళ్లెంలో వడ్డించి, బాగుందంటానని బాపు నా ఎదురుగా కూర్చుంటాడు.