మంచె దాకా నడక

పెన్సిల్వేనియా,
డిసెంబరు, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు రత్నం దణ్ణాలు పెట్టి రాస్తున్నది. అక్కడ నువ్వూ, బావగారూ, అమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలు ఎలా ఉంది? చలికాలం కదా, తిరగబెట్టిందేమోనని అనుకుంటూనే ఉన్నాను. చిన్నదానికి దగ్గు తగ్గిందా?

ముందే చెబుతున్నానక్కా, ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించకు. అమ్మ కోసం వేరే కాగితం రాసి ఇందులోనే మడిచి పెట్టాను. అందులో మంచు పడిందనీ, ఒంట్లో బాగుందనీ, వంకాయలు ఇక్కడ గుమ్మడికాయలంత ఉంటాయనీ రాశాను. అది చదువు. ఇది మాత్రం నువ్వొక్కదానివే, వంటింటి తలుపు దగ్గరికి వేసుకుని చదువుకో. కంగారు పడకు, నాకేమీ కాలేదు. ఏమీ కాలేదు గనకే కూర్చుని రాయగలుగుతున్నాను.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో చేరానని కిందటిసారి రాశాను కదా. మీ మరిదిగారు పొద్దున్నే కాలేజీలో లెక్కలు చెప్పడానికి వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఒక్క ఫ్రిజ్జే. అదైనా గుర్రుమంటుంది. అందుకని చేరాను. రోజంతా కాలర్లు కుట్టడమే పని. నా పక్క మిషను మీద ఎడ్నాగారని ఒకావిడ కూర్చుంటారు. అమ్మకన్నా నాలుగైదేళ్ళు చిన్న ఉంటారేమో. భర్త పోయారు, కొడుకు ఎక్కడో టెక్సాసులో ఉన్నాడు. నన్ను "రాట్నా" అంటారు. దారం ఎలా తెంపాలో, సూపర్‌వైజరుకి ఎలా జవాబు చెప్పాలో అన్నీ ఆవిడే నేర్పారు. ఈ ఊళ్ళో నా మాట పూర్తయ్యేదాకా ఆగి వినే మనిషి ఆవిడొక్కరే.

ఇక్కడ నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక వచ్చే సోమవారం జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు ఫ్యాక్టరీ మూసేస్తారు, బడి కూడా మూసేస్తారు. చెబితే నమ్మవు, మన తీర్థానికి వెళ్ళినట్టు అందరూ తుపాకులు పట్టుకుని అడవిలోకి వెళతారు. చలికాలమంతా ఆ మాంసమే తింటారు. ఎడ్నాగారు కూడా వేటకి వెళతారు. పోయినేడు నిచ్చెన మీంచి జారి నడుం పట్టేసిందిట. ఒంటరిగా వెళ్ళనని కొడుకు ఒట్టు వేయించుకున్నాడు. "నువ్వు తుపాకి ముట్టక్కర్లేదు, ఊరికే నా పక్కన కూర్చో. నీకు అడవి చూపిస్తా" అన్నారు. నాకు దీపావళి టపాకాయలంటేనే భయమని నీకు తెలుసు. అయినా ఆ మనిషికి కాదని చెప్పలేకపోయాను.

అసలు పని కాల్చడం కాదట అక్కా, జింకలకి తెలియకుండా మంచె దాకా చేరడమట. మంచె అంటే మన జొన్నచేలో పిట్టల కాపలాకి వేసేదే. కాకపోతే దీన్ని చెట్టుకి కట్టి నిచ్చెన వేస్తారు. ఇక్కడ స్టాండ్ అంటారు. ఆవిడ మంచెని వాళ్ళాయన తన చేతులతో కట్టారు. మనం వెళ్ళిన అలికిడి ఒక్కసారి తెలిసిందంటే జింకలు ఆ దిక్కుకే రావట. వాటికి కళ్ళకన్నా ముక్కు ముందు పనిచేస్తుందిట. అందుకని వారం ముందునుంచే నాకు కొబ్బరినూనె బందు, వాసన సబ్బు బందు, పౌడరు బందు. నా కోటు వాసన చూసి ఎడ్నాగారు నవ్వలేక చచ్చారు. అంతా ఇంగువ పోపు! "ఇది వేసుకొస్తే జింకలు భోజనానికి పిలిచారనుకుంటాయి" అన్నారు. ఆ కోటుని వాళ్ళ పెరట్లో తాడు మీద ఆరేసి, జేబుల నిండా దేవదారు ఆకులు కుక్కారు.

సోమవారం మధ్యాహ్నం బయల్దేరాం. దారి పక్కన కారు ఆపి, తలుపు వేసిన చప్పుడు రాకుండా ఒత్తి మూశారు. ఇద్దరం నారింజరంగు చొక్కాలు తొడుక్కున్నాం. మనుషులని తెలియడానికి అవి తొడుక్కోవాలని రూలు. ఆవిడ జేబులోంచి దూది తీసి గాలిలోకి వదిలారు. మన జిల్లేడు కాయలో ఉంటుందే, అచ్చం అలాంటి దూది. అది మా మొహాల మీదుగా వెనక్కి తేలిపోయింది. "మంచిది. గాలి మనకి ఎదురొస్తోంది. మన వాసన వెనక్కి పోతుంది" అన్నారు. జింకలు నడిచే బాట తొక్కకుండా వాగులో దిగి నడిచాం. రబ్బరు బూట్లు. నీళ్ళలో వాసన నిలవదట.

వాగు దాటాక నడవడం నేర్పారు. కాలి అంచు ముందు ఆనించి, కింద పుల్ల లేదని తెలిశాకే బరువు వెయ్యాలి. రెండడుగులు వేసి ఆగాలి. మళ్ళీ ఒక అడుగు, మళ్ళీ ఆగాలి. మనిషొక్కడే గడియారంలా సమానంగా నడుస్తాడట, మృగమేదీ అలా నడవదట. ఆ అడవిలో ఆకులు రాలిన చెట్లన్నీ ఎముకల్లా ఉన్నాయి. దూరంగా ఎక్కడో తుపాకి పేలితే నేను ఆవిడ చొక్కా పట్టుకున్నాను. "అది అవతలి కొండ మీద" అని చెవిలో చెప్పారు. తిరిగి పోదామని నోటిదాకా వచ్చింది. కానీ అక్కా, ఒంటరిగా తిరిగి వెళ్ళాలంటే ఇంకా భయం.

మంచె దగ్గరికి వచ్చేసరికి చలికాలంలో కూడా ఆకు రాలని పెద్ద పొదలు అడ్డం వచ్చాయి. మనిషి ఎత్తు ఉన్నాయి. ఎడ్నాగారు ముందు, నేను వెనక. రెండడుగులు, ఆగాం. ఒక అడుగు, ఆగాం. ఆకుల సందులోంచి నాకు మంచె కనిపించింది. దాని మీద ఏదో కదిలింది. పక్షేమో అనుకున్నాను.

అప్పుడు పేలింది.

ఎలా చెప్పనక్కా. చప్పుడు కన్నా ముందు నా పక్కనున్న చెట్టు బెరడు లేచి చెంపకి కొట్టింది. ఎడ్నాగారు పడిపోయారు. మొహం ఆకుల్లో పెట్టి అలాగే ఉండిపోయారు, కదల్లేదు. పోయారనుకున్నాను. మంచె మీద ఎవడో తుపాకిలో ఇంకో తూటా ఎక్కిస్తున్న చప్పుడు వినిపించింది. ఇనుము మీద ఇనుము. ఆ చప్పుడు ఇప్పటికీ కళ్ళు మూస్తే వినబడుతుంది.

నాకు ఒక్క ఇంగ్లీషు ముక్క గుర్తు రాలేదు. రెండు చేతులూ పైకెత్తి పొదల్లోంచి బయటికొచ్చి అరిచాను. "కాల్చకండి! మనుషులం! మనుషులమండీ!" తుపాకి పట్టుకున్న వాడిని అండీ అన్నాను చూడు. గొంతు నాది కాదు, ఎవరిదో.

నా కాళ్ళ దగ్గర్నుంచి ఎడ్నాగారి గొంతు వినబడింది. "రాట్నా, నీకు తగిలిందా?" అని. అక్కా, అమ్మ పిలిచినట్టయింది. ఆవిడకేమీ కాలేదు, పేలగానే తనే నేలకి అంటుకుపోయారు. పడుకునే గట్టిగా ఇంగ్లీషులో కేక వేశారు. "తుపాకి కింద పడెయ్! దిగు!"

తుపాకి కిందపడింది. వెనకాలే మనిషి దిగాడు. నలభై దాటిన మనిషి, ఎర్రటి మొహం, ఈ ఊరివాడు కాదు. ఖాళీగా ఉన్న మంచె కనబడితే ఎక్కి కూర్చున్నాడట. ఆఖరి మెట్టు మీదే కూలబడ్డాడు. ఎడ్నాగారు ముందు తుపాకి తీసుకుని తూటాలన్నీ తీసేశారు. తరవాత అడిగారు.

"ఏం చూసి కాల్చావు?"

"చూడలేదమ్మా, విన్నాను" అన్నాడు. "రెండడుగులు, ఆగడం. ఒక అడుగు, మళ్ళీ ఆగడం. జింకే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, జింకే అనుకున్నాను."

"చూడకుండా కాల్చావు."

అతను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఎడ్నాగారు ఆ చెట్టు దగ్గరికెళ్ళి తూటా దిగిన చోట వేలు పెట్టి చూశారు. సరిగ్గా నా గుండె ఎత్తులో ఉంది. ఆవిడ నావైపు చూసి, "నీకు నడక మరీ బాగా నేర్పాను" అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

వేట మీద అజమాయిషీ చేసే ఆఫీసరుకి ఆవిడ చెప్పారు. అతని లైసెన్సు తీసుకున్నారు. కారు దాకా ఎలా నడిచానో నాకు తెలియదు. సాయంత్రం మీ మరిదిగారికి చెబితే ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా మెట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. చివరికి, "ఇంక ఆవిడతో మాట కూడా వద్దు" అన్నారు. అన్నం ఇద్దరమూ తినలేదు.

తరవాతి రోజులు ఇంకా కష్టమక్కా. ఫ్యాక్టరీలో ఎవరో చొక్కాల కట్ట దబ్బున కింద పడేస్తే నేను మిషను కిందకి దూరాను. ఎవరూ నవ్వలేదు. కుక్కరు విజిల్ వేస్తే ఏడుపొచ్చింది. పప్పు గిన్నెలోనే ఉడకబెడుతున్నాను. కిటికీ దగ్గర నిలబడడానికి భయం. నాకే ఇలా ఉందనుకున్నాను. ఒకరోజు పక్క మిషను వైపు చూస్తే ఎడ్నాగారి కాలర్ల కుట్టు పాములా వంకర పోతోంది. ఎన్నేళ్ళుగానో అదే పని చేస్తున్న చేతులు! ఆవిడ నన్ను చూసి ఆ ముక్కలు ఒళ్ళో దాచుకున్నారు.

వేట కాలం అయిపోయే ముందు రోజు మధ్యాహ్నం తిండి దగ్గర అన్నారు, "రేపు వెళ్ళకపోతే ఆ మంచె ఇంక ఎప్పటికీ ఎక్కలేను. నన్ను నేను ఎరుగుదును. నువ్వు రానక్కర్లేదు." నన్ను రమ్మనలేదక్కా. అడిగితే రానని చెప్పేదాన్నేమో. అడగలేదు గనక వస్తానన్నాను.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "నీకు మతి పోయిందా?" అని మీ మరిదిగారు కేకలేశారు. "నాకు భయంగానే ఉంది, కానీ ఆవిడ ఒక్కరే వెళతారు" అన్నాను. పొద్దున లేచేసరికి ఆయనే కారు మీద మంచు గీకుతున్నారు. "మిమ్మల్ని దింపి రోడ్డు మీదే ఉంటాను. చీకటి పడకముందే రావాలి" అన్నారు, నా మొహం చూడకుండా.

గాలి చూశాం. వాగులో నడిచాం. వాగు దాటి గట్టెక్కాక ఎడ్నాగారు ఆగిపోయారు. రెండడుగులు వేసి ఆగడం కాదు, ఊరికే ఆగిపోయారు. పెదాలు తెల్లబడ్డాయి. "రాట్నా, నా కాళ్ళు రావడం లేదు" అన్నారు. ఏళ్ళ తరబడి ఆ దారిన నడిచిన మనిషి. వెనక్కి తిరగడం ఎంత తేలికో! ఆవిడ చెయ్యి పట్టుకుని నేను ముందు నడిచాను. ఏ పుల్ల విరిగితే విరిగిందని ధబధబా నడిచాను. "హలో! మంచె మీద ఎవరైనా ఉన్నారా? మనుషులం వస్తున్నాం!" అని ఇంగ్లీషులో అరిచాను. ఇంకేం అరవాలో తెలియక తెలుగులో పదమూడో ఎక్కం అందుకున్నాను. నా గొంతు వణుకుతూనే ఉంది, ఎక్కం మాత్రం తప్పు పోలేదు.

మంచె ఖాళీగా ఉంది. ముందు నేనెక్కి చెయ్యిచ్చి ఆవిడని లాగాను. ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. తరవాత ముక్కు తుడుచుకుని, "నువ్వు చేసిన గోలకి జింకలన్నీ ఈ జిల్లా దాటి ఉంటాయి" అన్నారు. ఒక్క జింకా రాలేదు. ఫ్లాస్కులో కాఫీ తాగాం, మంచు పడుతుంటే చూశాం, పొద్దు వాలకముందే దిగాం. ఆవిడ దిగేటప్పుడు కాళ్ళు వణకలేదు. నావి వణికాయి.

రోడ్డెక్కేసరికి మీ మరిదిగారు కారు బయట నిలబడి ఉన్నారు. నెత్తిన టోపీ లేదు, భుజాల మీద మంచు పేరుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. "కారులో హీటరుంది కదా, బయటెందుకు నిలబడ్డారు?" అన్నాను.

"అద్దాలు వేసుకుంటే చప్పుడు వినబడదేమోనని" అన్నారు.

ఆ మనిషి అంతసేపూ అక్కడ నిలబడి తుపాకి చప్పుడు కోసం వింటూ ఉన్నారక్కా. ఇంటికొచ్చి మిరియాల చారు పెట్టి ఇద్దరికీ ఇచ్చాను. ఎడ్నాగారు రెండు గ్లాసులు తాగారు. ఆయనకి మాత్రం జలుబు పట్టుకుంది, తగ్గుతుందిలే.

భయం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. రాత్రి దీపం వెలుగుతుంటేనే నిద్ర పడుతోంది. నువ్వు వీలైతే కాస్త కరక్కాయా, వామూ పొట్లం కట్టి, మనవాళ్ళెవరైనా వస్తుంటే పంపు. పిల్లల ఫొటో ఒకటి పెట్టు. ట్రంకు కాల్ మాత్రం చెయ్యకు, నీ గొంతు వింటే ఏడుస్తాను, అమ్మకి తెలిసిపోతుంది.

బావగారికి నా నమస్కారాలు. అమ్మ కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు. పిల్లలకి ముద్దులు. నువ్వు పెద్దదానివి, మమ్మల్ని చల్లగా ఉండమని నాలుగు అక్షింతలు ఆ గాలిలోనైనా వెయ్యి.

ఇంకొక్క మాట. శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్ళి రెండు కొబ్బరికాయలు కొట్టించు. ఎందుకని ఎవరికీ చెప్పకు. ఒకటి నా పేరు మీద, ఒకటి ఎడ్నాగారి పేరు మీద. పూజారిగారు గోత్రం అడిగితే మాదే చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
రత్నం