నిదానంగానే రానివ్వండి

కుందలహళ్ళి

కేబుల్ ఇంటర్నెట్ మేనేజరు గారికి,

మా ఇంట్లో నెట్ మరీ నిదానంగా వస్తోందని పోయిన వారం నేను రాసిచ్చిన ఫిర్యాదును రద్దు చేయండి. సమస్య తీరలేదు. అయినా రద్దు చేయండి.

మీ మునిరాజు వచ్చి మోడెం మార్చాడు, వైరు మార్చాడు. చివరికి తాళం వేసిన గదిలోకి వెళ్ళే వైరు చూపించి, "అక్కా, లోపల ఎవరుండారు?" అన్నాడు.

"ఎవరూ లేరప్పా" అన్నాను.

"కంప్యూటర్ నడస్తా ఉండాది. లైనంతా అదే తింటా ఉండాది. ఆపేస్తే సరిపోతాది."

అది మా తమ్ముడు ఓబులేశుది. అనంతపురం పల్లెల్లో తిరిగి చెక్కభజన పాటలు రికార్డు చేసుకొచ్చి, అడిగినవాళ్ళకు నెట్‌లో పంచేవాడు. కరెంటు పోయి వచ్చినా దానంతట అదే మొదలయ్యేలా పెట్టుకున్నాడు. ఉగాది ముందు రింగురోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. ఆ తలుపు నేను మళ్ళీ తీయలేదు.

మొన్న మునిరాజు కోసం తీశాను. స్క్రీన్ మీద పాటలు ఒక్కొక్కటే ఎవరెవరికో వెళ్తున్నాయి. అతను స్విచ్ మీద చెయ్యి వేయగానే అరిచాను. అతని తప్పేమీ లేదు.

డాక్టర్ల మాటలు విని టైపు చేసి పంపడం నా ఉద్యోగం. ఇలా ఆలస్యమైతే అది నిలవదు. అయినా ఆపడానికి ఎవరినీ పంపకండి. ఎవరో ఇంకా మావాణ్ణి అడుగుతున్నారు. వాడు ఇంకా ఇస్తున్నాడు.

ఓబులేశు అక్క